వెబ్‌సైటు ప్లగిన్లలో అదుపులేని ఫైలు అప్‌లోడ్

నిర్వచనం

వెబ్‌సైటుకు వచ్చే సందర్శకుల నుంచి గాని, సభ్యుల నుంచి గాని ఫైళ్లను స్వీకరించే ప్లగిన్, ఆ ఫైలు ఏ రకానిదో, పంపినవారికి పంపే హక్కు ఉన్నదో లేదో, దాన్ని ఎక్కడ ఉంచితే హాని కలగదో నిర్ధారించుకోకుండా సర్వర్‌లో భద్రపరచే లోపాన్ని అదుపులేని ఫైలు అప్‌లోడ్ అంటారు. ప్లగిన్ అంటే ఒక ప్రధాన సాఫ్ట్‌వేర్‌కు అదనపు సౌకర్యాన్ని జోడించే చిన్న ప్రోగ్రామ్. వర్డ్‌ప్రెస్, జూమ్లా, డ్రూపల్ వంటి వెబ్‌సైటు నిర్వహణ వ్యవస్థలకు సంప్రదింపు ఫారాలు, ఫొటో గ్యాలరీలు, దుకాణపు పేజీలు ఈ విధంగానే సమకూరుతాయి. సాఫ్ట్‌వేర్ బలహీనతలను వర్గీకరించే మైటర్ సంస్థ పట్టికలో ఈ లోపానికి సీడబ్ల్యూఈ-434 అనే సంఖ్య ఉన్నది. అదే సంస్థ ఏటా ప్రకటించే 25 అత్యంత ప్రమాదకర బలహీనతల జాబితాలో 2021 నుంచి 2024 వరకు ఇది వరుసగా 10వ స్థానంలో నిలిచింది.

ఫైలును స్వీకరించడం దానంతట అది దోషం కాదు. ఉద్యోగ దరఖాస్తుతో బయోడేటాను, దుకాణదారు సరుకు ఫొటోను, విద్యార్థి ధ్రువపత్రపు నకలును పంపగలగడం వెబ్‌సైటుకు అవసరమైన సౌకర్యమే. పంపినది సర్వర్‌లో పడి ఉండే సమాచారంగా మిగలక, సర్వర్ అమలు చేసే ఆదేశంగా మారగల సందర్భంలోనే ప్రమాదం మొదలవుతుంది.

పూర్వరంగం

వెబ్ తొలినాళ్లలో బ్రౌజర్ పేజీలను తెచ్చుకొనే సాధనమే గాని ఫైళ్లను పంపే సాధనం కాదు. జిరాక్స్ సంస్థకు చెందిన ఈ. నెబెల్, ఎల్. మాసింటర్ 1995 నవంబరులో ప్రతిపాదించిన ఆర్ఎఫ్‌సీ 1867 అనే పత్రం హెచ్‌టీఎంఎల్ ఫారం ద్వారా ఫైలు పంపే పద్ధతిని నిర్దేశించింది. ఆ పత్రంలోని భద్రతా సూచన గమనించదగినది. వినియోగదారు స్పష్టంగా కోరని ఏ ఫైలునూ బ్రౌజర్ పంపరాదని అది హెచ్చరించింది. అంటే నాటి ఆందోళన పంపేవారి గోప్యత గురించినదే. స్వీకరించే సర్వర్‌కు కలగబోయే హాని తరువాతి కాలంలో అనుభవం మీద తెలిసివచ్చింది.

పీహెచ్‌పీ భాష ఈ పద్ధతిని తొలి దశలోనే అందిపుచ్చుకొన్నది. ఈ భాషలో రాసిన ఫైలును ప్రత్యేకంగా స్థాపించవలసిన పని లేదు. వెబ్‌కు తెరచి ఉన్న ఏదో ఒక ఫోల్డర్‌లో ఉంచి, దాని చిరునామాను బ్రౌజర్‌లో తెరిస్తే చాలు, అది అమలవుతుంది. సామాన్యులకు వెబ్‌సైటు నిర్మాణాన్ని అందుబాటులోకి తెచ్చిన ఈ సౌలభ్యమే అప్‌లోడ్ లోపాన్ని ఇంత తీవ్రమైనదిగా చేసింది. 2003 మే 27న విడుదలైన వర్డ్‌ప్రెస్ ఆ భాషలో రాసినదే. 2004లో వచ్చిన 1.2 వెర్షన్‌తో దానికి ప్లగిన్ల వ్యవస్థ ఏర్పడింది. నేడు ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా దాని మీదనే నడుస్తున్నాయి గనుక, ఒకే ప్లగిన్‌లోని ఒకే లోపం ఒక్క రోజులో లక్షల సైట్లను బలహీనపరచగలదు.

ప్లగిన్లలోనే ఎక్కువగా కనిపించడానికి కారణాలు

వర్డ్‌ప్రెస్ మూల సాఫ్ట్‌వేర్‌లో ఫైళ్లను స్వీకరించే ఏర్పాటు చాలా జాగ్రత్తగా ఉంటుంది. అనుమతించిన రకాల జాబితా ముందే నిర్ణయమై ఉంటుంది. పీహెచ్‌పీ ఫైళ్లకే కాదు, స్క్రిప్టును దాచగల ఎస్‌వీజీ చిత్రాలకు కూడా అందులో చోటు లేదు. రచయిత, సంపాదకుడు, నిర్వాహకుడు వంటి పాత్రలకు మాత్రమే మీడియా ఫైళ్లు ఎక్కించే హక్కు ఉంటుంది. ప్లగిన్ రచయిత ఈ ఏర్పాటునే వాడుకొంటే సగం చిక్కు తీరుతుంది. కాని లాగిన్ కాని సందర్శకుల నుంచి ఫైళ్లు తీసుకోవడం, కొత్త రకాల ఫాంట్లను అనుమతించడం, జిప్ ఫైలును విప్పి లోపలి చిత్రాలను వాడుకోవడం వంటి అవసరాలు ఎదురైనప్పుడు చాలామంది మూల ఏర్పాటును పక్కనబెట్టి సొంత కోడ్ రాసుకొంటారు. లోపాలు ఎక్కువగా ఆ సొంత కోడ్‌లోనే దొరుకుతాయి.

రెండవ కారణం ఇతరుల కోడ్‌పై ఆధారపడటం. ఒక ప్లగిన్ లోపల మరొకరు రాసిన లైబ్రరీ, దాని లోపల ఇంకొకరి నమూనా ఫైలు ఉండటం సర్వసాధారణం. లైబ్రరీ రచయిత రక్షణ బాధ్యతను సర్వర్ అమరికకు వదులుతాడు. సర్వర్ నిర్వాహకుడు దాన్ని ప్లగిన్‌కు వదులుతాడు. ప్లగిన్ రచయిత లైబ్రరీ చూసుకొంటుందని నమ్ముతాడు. కాపలా ఉన్నదని అందరూ అనుకొనే చోట కాపలా లేకపోవడం ఈ లోపానికి ముఖ్య లక్షణం (చూ. ముఖ్య ఘటనలు).

లోపం ఏర్పడే తావులు

అప్‌లోడ్ ప్రక్రియలో మూడు నిర్ణయాలు ఇమిడి ఉంటాయి: ఎవరు పంపవచ్చు, ఏమి పంపవచ్చు, వచ్చినదాన్ని ఎక్కడ ఉంచాలి. మూడింటిలో ఒక్కటి గట్టిగా ఉన్నా హాని చాలావరకు తగ్గుతుంది గనుక, పెద్ద ఘటనలన్నింటిలో కనీసం రెండు నిర్ణయాలు ఏకకాలంలో విఫలమైనట్లు కనిపిస్తుంది.

మొదటిది అనుమతి పరీక్ష. వర్డ్‌ప్రెస్‌లో ఒక చర్య నిర్వాహక విభాగపు చిరునామా నుంచి జరిగినంత మాత్రాన దాన్ని చేయించినది నిర్వాహకుడే అని చెప్పడానికి వీలులేదు. నిర్వాహక విభాగం ప్రారంభమైనప్పుడు నడిచే కోడ్ కొన్ని చిరునామాల ద్వారా లాగిన్ కానివారి అభ్యర్థనలకు కూడా నడుస్తుంది. ఈ సంగతి తెలియని రచయితలు, ఇది నిర్వాహక విభాగమేనా అని ప్రశ్నించే ఫంక్షన్‌ను వాడి, అడిగినది నిర్వాహకుడేనా అనే ప్రశ్నకు జవాబు దొరికిందని భావిస్తారు. నాన్స్ అనే తాత్కాలిక సంకేతాన్ని సరిచూడటం కూడా అనుమతి పరీక్షతో సమానం కాదు. అభ్యర్థన ఆ సైటు పేజీ నుంచే వచ్చిందని అది చెబుతుందే తప్ప, పంపినవారి అధికారాన్ని గురించి ఏమీ చెప్పదు.

రెండవది రకం పరీక్ష. బ్రౌజర్ ఫైలుతోపాటు దాని రకాన్ని తెలిపే ఒక శీర్షికను పంపుతుంది. అది పంపేవారి చేతిలో ఉన్న వివరం. పీహెచ్‌పీ ఫైలుకు జేపీఈజీ చిత్రమని పేరు పెట్టి పంపడానికి ఏ నైపుణ్యమూ అక్కరలేదు. బ్రౌజర్‌లోని జావాస్క్రిప్ట్ చేసే తనిఖీ పరిస్థితి కూడా ఇంతే. పొరపాటున తప్పు ఫైలు ఎంచుకొన్నవారికి అది ఉపయోగపడుతుంది, దురుద్దేశంతో వచ్చినవారికి అడ్డు కాదు. నిషిద్ధ ఎక్స్‌టెన్షన్ల జాబితా పెట్టుకొన్న ప్లగిన్లకు మరొక చిక్కు ఉన్నది. ఎక్స్‌టెన్షన్ అంటే ఫైలు పేరు చివర చుక్క తరువాత వచ్చి, రకాన్ని సూచించే అక్షరాలు. పీహెచ్‌పీగా అమలు కాగల ఎక్స్‌టెన్షన్లు సర్వర్ అమరికను బట్టి అనేకం ఉంటాయి గనుక, నిషేధపు జాబితా ఎప్పటికీ పూర్తి కాదు. అనుమతించిన వాటి జాబితానే నమ్మదగినది.

మూడవది నిల్వ చేసే చోటు. అప్‌లోడ్ ఫోల్డర్‌లో పీహెచ్‌పీ అమలు కాకుండా సర్వర్‌ను అమర్చి ఉంటే, మొదటి రెండు పరీక్షలు తప్పినా వచ్చిన ఫైలు నిర్జీవంగా పడి ఉంటుంది. చౌకగా దొరికే షేర్డ్ హోస్టింగ్‌లో ఈ అమరిక తరచుగా ఉండదు.

వడపోతను దాటే పద్ధతులు

రెండు ఎక్స్‌టెన్షన్లు గల పేరు పెట్టడం పాత పద్ధతి. అపాచీ సర్వర్‌లోని ఒక రకమైన అమరికలో, పేరులో ఎక్కడైనా పీహెచ్‌పీ అనే ఎక్స్‌టెన్షన్ ఉంటే, చివర జేపీజీ ఉన్నప్పటికీ ఫైలు ప్రోగ్రామ్‌గానే అమలవుతుంది. ఇంజిన్ఎక్స్ సర్వర్‌ను పీహెచ్‌పీతో తప్పుగా కలిపిన చోట, చిత్రపు చిరునామా చివర ఏటవాలు గీత (/) పెట్టి, లేని పీహెచ్‌పీ ఫైలు పేరొకటి తగిలిస్తే, ఆ చిత్రమే పీహెచ్‌పీగా నడిచేది. పేరు మధ్యలో శూన్య అక్షరాన్ని దూర్చే ఉపాయం పీహెచ్‌పీ 5.3.4 వెర్షన్‌తో మూతబడింది.

ఫైలు పేరును కాక లోపలి విషయాన్ని పరీక్షించే ప్లగిన్లను బహురూప ఫైళ్లతో మోసగిస్తారు. ప్రతి చిత్ర రకానికీ మొదటి కొన్ని బైట్లలో ఒక గుర్తు ఉంటుంది. జీఐఎఫ్ చిత్రపు గుర్తును ముందు పెట్టి, దాని వెనుక పీహెచ్‌పీ కోడ్ రాసిన ఫైలును చిత్రాల తనిఖీ జీఐఎఫ్‌గా గుర్తిస్తుంది. పీహెచ్‌పీ ఇంటర్‌ప్రెటర్ మాత్రం ఆ ముందు అక్షరాలను యథాతథంగా తెరపై చూపి, తరువాతి కోడ్‌ను అమలు చేస్తుంది. ఎక్స్‌టెన్షన్‌ను విడిగా సరిచూడని ప్లగిన్ ఇక్కడ ఓడిపోతుంది. వ్యాఖ్యలతోపాటు చిత్రాలు జతచేసే సౌకర్యాన్ని 7.0.0 వెర్షన్‌లో ప్రవేశపెట్టిన డబ్ల్యూపీడిస్కజ్ ప్లగిన్‌లో 2020లో బయటపడిన లోపం ఈ కోవకు చెందినదే, 7.0.5 వెర్షన్‌తో దాన్ని సరిచేశారు.

పేరును శుద్ధి చేసే కోడ్ కూడా లోపానికి దారి కావచ్చు. తనిఖీ ముందు, శుద్ధి తరువాత జరిగితే, తనిఖీ చేసిన పేరు, డిస్కుపై రాసిన పేరు ఒకటి కావు. 2020 డిసెంబరులో 50 లక్షలకు పైగా సైట్లలో వాడుకలో ఉన్న కాంటాక్ట్ ఫారం 7 ప్లగిన్‌ను 5.3.2 వెర్షన్‌కు మార్చవలసివచ్చింది. పేరులో ప్రత్యేక అక్షరాలు ఇరికించి వడపోతను తప్పించే అవకాశం ఉండటమే అందుకు కారణం. తెలుగు వంటి లిపుల వాడుకరులకు ఇందులో మరొక కోణం ఉన్నది. ఆంగ్ల అక్షరాలు తప్ప మిగిలినవన్నీ తొలగించే శుద్ధి కోడ్, తెలుగులో పేరు పెట్టిన ఫైలును పేరే లేని ఒట్టి ఎక్స్‌టెన్షన్‌గా మిగులుస్తుంది. వేర్వేరు ఫైళ్లు ఒకదానిపై ఒకటి రాసుకుపోవడం, చుక్కతో మొదలయ్యే దాగిన ఫైళ్లు ఏర్పడటం దాని ఫలితాలు. వచ్చిన పేరును పూర్తిగా వదిలి, సర్వరే యాదృచ్ఛికంగా కొత్త పేరు పెట్టడం వల్ల ఈ రెండు చిక్కులూ తప్పుతాయి.

జిప్ ఫైళ్లది ప్రత్యేక సమస్య. పైకి ఒకే ఫైలుగా కనిపించే దానిలో ఎన్నో ఫైళ్లు ఉండవచ్చు, వాటి పేర్లలో పై ఫోల్డర్‌కు వెళ్లే చుక్కల గుర్తులు ఉండవచ్చు. అటువంటి జిప్‌ను విప్పితే ఫైళ్లు ఉద్దేశించిన ఫోల్డర్ దాటి బయట పడతాయి. 2018లో జిప్ స్లిప్ అనే పేరుతో ప్రచారంలోకి వచ్చిన లోపం ఇదే. ముందుగా అంతా విప్పి, తరువాత చెడ్డ ఫైళ్లను తొలగించే ప్లగిన్లలో, విప్పడానికీ తొలగించడానికీ మధ్యనున్న క్షణకాలంలోనే ఫైలును తెరిచి అమలు చేయించవచ్చు.

ముఖ్య ఘటనలు

2011 ఆగస్టులో వెలుగుచూసిన టిమ్‌థంబ్ లోపం ఈ చరిత్రలో తొలి పెద్ద ఘటనగా పేర్కొనదగినది. వందలాది వర్డ్‌ప్రెస్ థీముల్లో కలిపి పంచిన ఈ చిన్న స్క్రిప్టు, కొన్ని నమ్మకమైన సైట్ల నుంచి చిత్రాలను తెచ్చి, పరిమాణం తగ్గించి, వెబ్‌కు తెరచి ఉన్న ఫోల్డర్‌లో దాచేది. నమ్మకమైన సైటు పేరు చిరునామాలో ఎక్కడ కనిపించినా అది సరిపోయినట్లు లెక్కించడం వల్ల, ఆ పేరును ముందు చేర్చుకొన్న వేరొక డొమైన్ నుంచి పీహెచ్‌పీ ఫైలును రప్పించడం సాధ్యమైంది. తన సైటుపై జరిగిన దాడిని శోధించి దీన్ని కనుగొన్న మార్క్ మాండర్ తరువాత వర్డ్‌ఫెన్స్ అనే భద్రతా సంస్థను స్థాపించాడు.

2014 జులైలో సుకూరి సంస్థ వెల్లడించిన మెయిల్‌పోయెట్ లోపం అనుమతి పరీక్ష వైఫల్యానికి ప్రామాణిక ఉదాహరణ. వార్తాలేఖలు పంపే ఆ ప్లగిన్ అప్పటికి సుమారు 17 లక్షల సార్లు డౌన్‌లోడ్ అయింది. నిర్వాహక విభాగం ప్రారంభమయ్యే సందర్భాన్నే లాగిన్‌కు రుజువుగా తీసుకోవడం వల్ల, ఎవరైనా సరే థీము పేరుతో జిప్ ఫైలు ఎక్కించగలిగేవారు. 2.6.7 వెర్షన్‌తో సవరణ వచ్చినా, కొద్ది వారాల్లోనే దాదాపు 50,000 సైట్లు దెబ్బతిన్నాయని సుకూరి అంచనా వేసింది. దెబ్బతిన్నవాటిలో మెయిల్‌పోయెట్ లేని సైట్లు కూడా ఉండటం అప్పట్లో ఆశ్చర్యం కలిగించింది. ఒకే హోస్టింగ్ ఖాతాలో పక్కనే ఉన్న సైటు ద్వారా వాటికి హాని సోకింది.

జేక్వెరీ ఫైల్ అప్‌లోడ్ ఘటనలో కాపలా ఒకరి నుంచి మరొకరికి జారిపోయిన తీరు స్పష్టంగా కనిపిస్తుంది. బ్లూఇంప్ పేరుతో వెలువడిన ఈ ప్లగిన్ ఏ రకపు ఫైలునైనా స్వీకరించేది. అవి అమలు కాకుండా చూసే పనిని అప్‌లోడ్ ఫోల్డర్‌లోని హెచ్‌టీయాక్సెస్ అనే అమరిక ఫైలుకు అప్పగించింది. అయితే అపాచీ 2.3.9 వెర్షన్ నుంచి ఆ ఫైళ్లను సర్వర్ పట్టించుకోకపోవడమే సహజ అమరికగా మారింది. అపాచీ బృందం చేసిన మార్పు సహేతుకమైనదే, ప్లగిన్ కోడ్‌లో ఒక్క అక్షరం కూడా మారలేదు. అయినా రక్షణ చప్పుడు లేకుండా పోయింది. ఆకమై సంస్థ పరిశోధకుడు లారీ క్యాష్‌డాలర్ 2018లో బయటపెట్టేవరకు, దాడులు చేసేవారికి తప్ప ఈ సంగతి ఎవరికీ పట్టలేదు. దీన్ని దుర్వినియోగం చేసే విధానాన్ని చూపే వీడియోలు 2015 నుంచే చలామణిలో ఉన్నాయి. బయటపడిన లోపాలకు సంఖ్యలిచ్చే సీవీఈ జాబితాలో సీవీఈ-2018-9206గా నమోదైన ఈ లోపాన్ని మూల ప్లగిన్‌లో సరిచేసినా, దాని నుంచి చీలి వచ్చిన 7,800కు పైగా ప్రతుల్లో ఎన్నింటికి ఆ సవరణ చేరిందో తేల్చడం సాధ్యం కాలేదు.

2020 సెప్టెంబరు 1న బయటపడిన ఫైల్ మేనేజర్ లోపం, సీవీఈ-2020-25213, 7 లక్షలకు పైగా సైట్లలో ఉన్న వర్డ్‌ప్రెస్ ప్లగిన్‌కు సంబంధించినది. ఈ ప్లగిన్ ఎల్‌ఫైండర్ అనే లైబ్రరీని వాడుకొన్నది. ఆ లైబ్రరీతో వచ్చే నమూనా ఫైలు నేరుగా అమలు కాకుండా ఉండేందుకు దాని పేరు చివర అమలు కాని ఎక్స్‌టెన్షన్ తగిలించి ఉంటుంది. ప్లగిన్‌లో ఆ చివరి అక్షరాలు తొలగి, ఫైలు పీహెచ్‌పీగా మారింది. దాన్ని నేరుగా పిలిచినవారికి లాగిన్ లేకుండానే ఫైళ్లు ఎక్కించే సదుపాయం దక్కింది. సవరించిన 6.9 వెర్షన్ అదే రోజు విడుదలైనా, దాడులు అంతకు ముందే మొదలయ్యాయి. తొలి కొద్ది రోజుల్లోనే 4.5 లక్షలకు పైగా ప్రయత్నాలను అడ్డుకొన్నట్లు వర్డ్‌ఫెన్స్ ప్రకటించింది. సైటులోకి చొరబడిన కొందరు, పోటీదారులు లోపలికి రాకుండా ఆ లోపభూయిష్టమైన ఫైలుకే సంకేతపదం అమర్చారు. సైటు యజమాని చేయవలసిన పనిని దొంగలే పూర్తిచేశారన్నమాట.

2023 అక్టోబరులో రాయల్ ఎలిమెంటర్ ఆడాన్స్ ప్లగిన్‌లో గుర్తించిన సీవీఈ-2023-5360 లోపంలో, అనుమతించదగిన రకాల జాబితాను అభ్యర్థన పంపినవారే సూచించే వీలు ఉండేది. 2 లక్షలకు పైగా సైట్లలో ఉన్న ఆ ప్లగిన్‌ను 1.3.79 వెర్షన్‌లో సవరించారు.

దాడి పరిణామాలు

ఎక్కించిన ఫైలు సాధారణంగా వెబ్‌షెల్ అవుతుంది. బ్రౌజర్ ద్వారా సర్వర్‌కు ఆదేశాలు ఇచ్చి, ఫలితాలు చూడటానికి తోడ్పడే స్క్రిప్టును వెబ్‌షెల్ అంటారు. చైనా చాపర్ అనే ప్రసిద్ధ వెబ్‌షెల్‌లో సర్వర్ వైపు ఉండవలసిన భాగం ఒకే ఒక్క పంక్తి. వెబ్‌షెల్ పడిన తరువాత వర్డ్‌ప్రెస్ అమరిక ఫైలు నుంచి డేటాబేస్ సంకేతపదాన్ని చదవడం, కొత్త నిర్వాహకుణ్ణి సృష్టించడం, పేజీల్లో దారిమళ్లించే కోడ్ చేర్చడం, మోసపూరిత మెయిళ్లు పంపడం, ఒకటి తొలగించినా మరొకటి మిగిలేలా పలు ఫోల్డర్లలో నకళ్లు దాచడం వరుసగా జరుగుతాయి.

అమలు కాగల ఫైళ్లతోనే కాక, ఇతర రకాలతోనూ హాని ఉన్నది. ఎస్‌వీజీ, హెచ్‌టీఎంఎల్ ఫైళ్లలోని స్క్రిప్టు చూసేవారి బ్రౌజర్‌లో నడిచి, నిర్వాహకుడి పేరిట పనులు చేయించగలదు. చిత్రాలను మార్చే సాఫ్ట్‌వేర్‌లోనే లోపం ఉంటే నిరపాయంగా కనిపించే చిత్రమే ఆయుధమవుతుంది. ఇమేజ్‌మ్యాజిక్‌లో 2016 మే నెలలో బయటపడిన ఇమేజ్‌ట్రాజిక్ ఇందుకు నిదర్శనం. పరిమాణంపై పరిమితి లేని చోట పెద్ద ఫైళ్లతో డిస్కును నింపి సైటును నిలిపివేయవచ్చు.

నివారణ

ప్లగిన్ రచయితల వరకు వస్తే, మూల సాఫ్ట్‌వేర్ అందించే అప్‌లోడ్ ఫంక్షన్లను వాడటం, పంపినవారి అధికారాన్ని పాత్రల ఆధారంగా పరీక్షించడం, అనుమతించిన ఎక్స్‌టెన్షన్ల చిన్న జాబితాను కోడ్‌లోనే ఉంచడం, ఎక్స్‌టెన్షన్‌నూ లోపలి విషయాన్నీ రెండింటినీ సరిపోల్చడం, చిత్రాలను మళ్లీ కొత్తగా రూపొందించి భద్రపరచడం ప్రధాన జాగ్రత్తలు. చిత్రాన్ని మళ్లీ రూపొందించినప్పుడు అందులో దాగిన కోడ్ చాలావరకు చెరిగిపోతుంది. కొన్ని కోడ్లు ఆ ప్రక్రియను కూడా తట్టుకొనేలా కూర్చగలరు గనుక దాన్ని ఏకైక రక్షణగా నమ్మరాదు. లైబ్రరీలతో వచ్చే నమూనా, పరీక్ష ఫైళ్లను విడుదలలో చేర్చకపోవడం ఫైల్ మేనేజర్ ఘటన తరువాత ప్రత్యేకంగా చెప్పవలసిన జాగ్రత్త.

సర్వర్ నిర్వాహకులకు అన్నింటికన్నా ఎక్కువ ఫలితమిచ్చే చర్య అప్‌లోడ్ ఫోల్డర్‌లో స్క్రిప్టుల అమలును ప్రధాన సర్వర్ అమరికలోనే నిలిపివేయడం. ఈ నిషేధాన్ని హెచ్‌టీయాక్సెస్ ఫైలులో మాత్రమే రాస్తే, అటువంటి ఫైలునే ఎక్కించగలిగినవారు దాన్ని మార్చివేయగలరు. ఇంజిన్ఎక్స్ సర్వర్ ఆ ఫైలును అసలు చదవదు. వ్యక్తిగత పత్రాలను వెబ్‌కు తెరచి ఉన్న ఫోల్డర్ వెలుపల ఉంచి, అనుమతి పరీక్షించే స్క్రిప్టు ద్వారా మాత్రమే అందించడం, అప్‌లోడ్లను వేరే డొమైన్‌లో ఉంచడం, ఒకే ఖాతాలోని సైట్లను ఒకదాని నుంచి ఒకటి వేరుచేయడం తరువాతి మెట్లు. సైటు యజమానులు వాడని ప్లగిన్లను నిష్క్రియం చేసి వదలక పూర్తిగా తొలగించాలి. ఫైల్ మేనేజర్ వంటి సందర్భాల్లో నేరుగా పిలవగల ఫైలు డిస్కుపై ఉన్నంతకాలం, ప్లగిన్ నిష్క్రియంగా ఉన్నా ప్రమాదం తొలగదు.

గుర్తింపు, నివేదన

అప్‌లోడ్ ఫోల్డర్‌లో పీహెచ్‌పీ ఫైలు కనిపించడం అన్నింటికన్నా తేలికైన ఆనవాలు. చిత్రాల కోసం ఏర్పడిన ఆ ఫోల్డర్‌లో ఖాళీ సూచిక ఫైళ్లు తప్ప అటువంటివి ఉండవలసిన అవసరం అరుదు. సర్వర్ లాగ్‌లలో ప్లగిన్ చిరునామాకు ఒక పోస్ట్ అభ్యర్థన, ఆ వెంటనే అప్‌లోడ్ ఫోల్డర్‌లోని కొత్త ఫైలుకు మరొక అభ్యర్థన కనిపిస్తే దాడి జరిగినట్లే భావించాలి. సవరించిన వెర్షన్ స్థాపించడం వల్ల దారి మూతపడుతుందే గాని, అప్పటికే లోపల చేరిన ఫైళ్లు తొలగిపోవు. కనుక మూల సాఫ్ట్‌వేర్, ప్లగిన్ల ఫైళ్లను అసలు ప్రతులతో సరిపోల్చడం, సంకేతపదాలను, రహస్య కీలను మార్చడం, నిర్వాహకుల జాబితాను తనిఖీ చేయడం తప్పనిసరి.

భారతదేశంలో సమాచార సాంకేతికత చట్టం, 2000లోని 70బి సెక్షన్ కింద సెర్ట్-ఇన్ ఇటువంటి ఘటనలకు జాతీయ సంస్థగా పనిచేస్తున్నది. 2022 ఏప్రిల్ 28న అది జారీచేసిన ఆదేశాల ప్రకారం వెబ్‌సైటులోకి చొరబాటును, దాని రూపు మార్చడాన్ని, హానికర కోడ్ చేర్చడాన్ని గమనించిన 6 గంటల్లోగా తెలియజేయాలి. సర్వర్ లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. అనుమతి లేని ప్రవేశం అదే చట్టంలోని 43, 66 సెక్షన్ల పరిధిలోకి వస్తుంది. 66వ సెక్షన్ కింద 3 ఏళ్ల వరకు జైలుశిక్ష, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.